బావ ప్యాంటుకి ఆరు గుండీలు

మా బావకి పొట్ట ఉంది, నడుం లేదు. బావమరిదిని కదా అని వేస్తున్న ఎత్తిపొడుపు కాదిది. మా అక్క టేపు పెట్టి కొలిచి తేల్చిన సంగతి. అలాంటి ఒంటి మీద ప్యాంటు నిలవాలంటే బెల్టును ఆఖరి కన్నం దాకా బిగించాలి, లేదా ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని నడవాలి. చేతులు ఖాళీగా ఉన్నవాళ్లకి ఆ రెండోది చెల్లుతుంది. బావకి చెల్లదు. ఆయన ముప్పై ఒక్క ఏళ్లుగా మా రైలు వర్క్‌షాపు బ్యాండులో ట్యూబా వాయిస్తున్నాడు.

ట్యూబా అంటే బ్యాండులో అన్నిటికన్నా పెద్ద బాకా. పసిపిల్లాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని ఊదాలి. అది మోగుతున్నంతసేపూ వినేవాళ్లు పట్టించుకోరు. ఆగిందంటే మాత్రం మిగతా వాద్యాలన్నీ దిక్కులు చూస్తాయి. ఈ సంగతి నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఆయన వెనకే నిలబడి పెద్ద డోలు వాయించేది నేనే. నా ఒంటిగదిలో నాకే చోటు చాలని రోజుల్లో ఆ డోలు ఇంటికి మోసుకొస్తే, "తా దూర కంత లేదు, మెడకో డోలు అని ఊరికే అన్నారా" అని మా అక్క గుమ్మంలోనే హారతిచ్చినంత పని చేసింది.

పగలు బావ ఉద్యోగం వ్యాగన్ల కింద. గాలి బ్రేకుల గొట్టాలకి అతుకు అతుకునా సబ్బు నురగ పూస్తాడు. ఎక్కడ బుడగ లేస్తే అక్కడ గాలి పోతున్నట్టు. సుద్దముక్కతో అక్కడ గీత గీసి పక్క అతుక్కి జరుగుతాడు. ఆయన గీత గీయకుండా వదిలిన బండి ఏదీ ఇంతవరకు తిరిగి రాలేదు. ఇంత పనిమంతుడు ఉద్యోగంలో ఒక్క మెట్టు కూడా ఎక్కకపోవడానికి కారణం ఒక్కటే: బాకా బ్యాండులో ఊదాడు గానీ పైవాళ్ల దగ్గర ఊదలేదు. గట్టిగా మాట్లాడటం ఆయన జాతకంలోనే లేదు. పెద్దవాళ్ల ముందు ఆయనకున్నవి రెండే మాటలు, ఒకటి "సరే సార్", రెండోది "అలాగే సార్".

ఎనిమిది నెలల కిందట మాకు కొత్త బ్యాండు మాస్టరు వచ్చాడు. మనిషి నిటారు. సంగీతం తెలిసినవాడే, కాదనను. కానీ ఆయనకి చెవులతో పాటు కళ్లు కూడా ఎక్కువే. వచ్చిన నెలలోనే మా పాత వదులు ప్యాంట్లు తీయించేసి పొట్టి కోటూ ప్యాంటూ ఉన్న కొత్త యూనిఫాం కుట్టించాడు. ప్యాంటు మీద నాలుగు వేళ్ల వెడల్పు నల్ల బెల్టు, అరచేయంత ఇత్తడి బకిల్. వరసగా నిలబడితే ఇరవై రెండు బకిళ్లు ఒకే ఎత్తున మెరవాలట. పొట్టలన్నీ ఒకే ఎత్తున ఉండవని ఆయనకెవరు చెప్పాలి?

ఆ పైన వర్క్‌షాపుకి నూరేళ్లు నిండుతున్నాయని ఓ కొత్త పాట మొదలుపెట్టించాడు. అందులో నడుమ మిగతా వాద్యాలన్నీ ఆగిపోయే చోటు ఒకటుంది. అక్కడ ట్యూబా ఒక్కటే, బాగా కింది స్వరాన్ని, నా డోలు దెబ్బలు పదహారు పడేదాకా ఒకే ఊపిరిలో నిలబెట్టాలి. బావ గుండె నిండా గాలి పీల్చి మొదలుపెట్టేవాడు. స్వరం నిండుగా వచ్చేది. పది, పదకొండు... పన్నెండో దెబ్బ దగ్గర వణికేది. పదమూడుకి తెగిపోయేది. ప్రతిసారీ అంతే. ముప్పై ఒక్క ఏళ్లలో ఎప్పుడూ లేనిది, బ్యాండంతా తల తిప్పి ఆయన వైపు చూడటం మొదలైంది.

"వయసైపోతోంది, తప్పు లేదు," అన్నాడు మాస్టరు ఓ సాయంత్రం అందరి ముందూ. "స్టోర్సు గుమాస్తా కూడా ట్యూబా వాయిస్తాడు. ఉన్నది ఒక్క కుర్చీ. వచ్చే నెల మొదటి ఆదివారం తెర కట్టి పరీక్ష పెడతాను. ఎవరు వాయిస్తున్నదీ కనపడదు, వినపడుతుంది. నెగ్గినవాళ్లకే కుర్చీ. రెండోవాళ్లు యూనిఫాం అప్పగించి వెళ్లొచ్చు."

"అలాగే సార్," అన్నాడు బావ.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. ఆ రాత్రి ఇంటికి నడుస్తూ, "పరీక్ష దాకా ఎందుకు బావా, గౌరవంగా నువ్వే తప్పుకో" అని సలహా ఇచ్చాను. గుమ్మం దాకా వచ్చాక, "ట్యూబా లేకపోతే నేను వ్యాగన్ల కింద పాకే మనిషిని, అంతేగా" అన్నాడు. అన్నేళ్లలో ఆయన నోటి నుంచి అంత పొడుగు మాట వినలేదు. సలహా ఇచ్చిన నోటిని కొట్టుకోవాలనిపించింది.

మా అక్క బట్టల మరమ్మతు చేస్తుంది. డ్రైక్లీనింగు షాపు వెనక గదిలో ఇరవై ఆరేళ్లుగా ఇతరుల ప్యాంట్లు పొట్టి చేస్తూ, పొడుగు చేస్తూ, నడుములు వదులు చేస్తూ ఉంది. ముక్కు మీద కోపం, వేళ్ల మీద ఓపిక. ఆ రాత్రే ఇంట్లో నేను పరీక్ష సంగతి చెబితే కత్తెర కింద పెట్టి నా వైపు తిరిగింది.

"ఇంట్లో పదహారూ వస్తున్నాయి కదరా! రోజూ వంటింట్లోంచి నేనే లెక్కపెడుతున్నా."

"అదేనక్కా. ఇంట్లో పులి, వీధిలో పిల్లి. మాస్టర్ని చూస్తే బావకి భయం."

"భయమైతే మొదటి దెబ్బకే తడబడాలి. సరిగ్గా పన్నెండు దాకా వచ్చి ఆగుతుందేంట్రా? భయానికి లెక్కలొచ్చా?"

అక్క లేచి లోపలికి వెళ్లింది. బావ యూనిఫాం మార్చుకుంటున్నాడు.

"ఏవండీ, చొక్కా ఎత్తండి."

"తమ్ముడున్నాడే..."

"వాడేం కొత్తవాడా? ఎత్తండి."

పొట్ట మీద, బొడ్డుకి కొంచెం పైన, అరచేయంత ఎర్రటి అచ్చు. బకిల్ అంచులు, దాని మీది చక్రం బొమ్మతో సహా తేలి ఉంది. అక్క దాన్ని వేలితో తడిమింది. ఆయన వదులు పైజామా మీద ఆ బెల్టు తెచ్చి ఆఖరి కన్నానికి బిగించి, ట్యూబా ఒళ్లో పెట్టి, "ఊదండి" అంది. నేను బల్ల మీద వేలితో దెబ్బలు వేశాను. పన్నెండుకి వణికింది, పదమూడుకి తెగింది. బెల్టు తీసేసి మళ్లీ ఊదమంది. పదహారు దాకా కదలకుండా నిలబడింది.

"ఊళ్లోవాళ్ల బండ్లన్నిటికీ గాలి ఎక్కడ పోతోందో గీత గీసి మరీ చెప్తారు," అంది అక్క. "మీ పొట్ట మీద గీత పడితే చూసుకోలేకపోయారా?"

బావ ఆ బెల్టు చేతిలోకి తీసుకుని కన్నాలన్నీ ఒక్కొక్కటే తడిమి చూశాడు. ముసలితనం అనుకున్నది తోలుముక్క అని తేలితే ఎవరికైనా కాసేపు పడుతుంది.

మాస్టర్ని అడిగి చూద్దామని నేనే వెళ్లాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. "బెల్టు లేకపోతే యూనిఫామే కాదు" అని కాగితాల్లో తల దూర్చాడు. బెల్టు వదులు చేసుకుందామా అంటే, పాట ముగిశాక లేచి నిలబడి వందనం చేయాలి. రెండు చేతుల్లో ట్యూబా, కింద జారే ప్యాంటు. ఒకసారి అదీ జరిగింది. మోకాళ్ల దాకా వచ్చాక నేను డోలు అడ్డం పెట్టాను. వివరాలు అడగొద్దు.

సరే, సస్పెండర్లు ఉన్నాయి కదా, భుజాల మీది నుంచి ప్యాంటుని పట్టుకునే పట్టీలు, అని బావ బజారుకి పోయి ఒక జత కొనుక్కొచ్చాడు. రబ్బరువి, కొసలకి పళ్లున్న క్లిప్పులు. ప్యాంటు అంచుని కరిపిస్తే చాలన్నాడట షాపువాడు. మరునాటి ప్రాక్టీసులో కోట్లు విప్పి వాయిస్తుంటే, అందరూ ఆగిపోయిన ఆ నిశ్శబ్దంలో, బావ గాలి పీల్చగానే వెనక క్లిప్పు ఊడింది. రబ్బరు కదా, తిన్నగా వచ్చి నా డోలుకి తగిలింది. ఢమ్మంది. బాకాలవాళ్లు బాకాల నుంచి నోళ్లు తీసేసి పడీ పడీ నవ్వారు.

"ఏమిటీ వేషాలు?" అన్నాడు మాస్టరు. "ఇంకోసారి ఇవి కనిపిస్తే పరీక్షకి కూడా రానక్కర్లేదు."

బావ అవి విప్పి జేబులో కుక్కుకున్నాడు. ఇంటికి వచ్చాక అక్క ఆ క్లిప్పు చేతిలోకి తీసుకుంది. ప్యాంటు అంచు మీద అది కొరికిన చోట దారాలు లేచి ఉన్నాయి. "ఇది పట్టుకోవడం కాదు, కొరకడం" అని దాన్ని కిటికీ మీద పడేసింది. ఎప్పుడో అక్క పనిచేసే షాపుకి ఒక పెద్దాయన వయొలిన్ వాయించేటప్పుడు వేసుకునే పాత ప్యాంటు తెచ్చాడట. దాని నడుం పట్టీ లోపలి వైపు గుండీలు ఉండేవట. ముందు రెండు జతలు, వెనక ఒక జత, మొత్తం ఆరు. పట్టీ కొసలకి కన్నాలున్న తోలు చెవులు. చొక్కా గుండీ పెట్టుకున్నట్టు వాటిని తగిలించుకోవడమే. తెగేదాకా ఊడదు.

"మాస్టరు వద్దన్నాడుగా," అన్నాడు బావ.

"కనిపిస్తే రావద్దన్నాడు. తెర వెనక ఎలా కనిపిస్తాయి?"

రెండు రోజులు కూర్చుని కుట్టింది. రబ్బరు కాదు, నేసిన గట్టి బూడిదరంగు పట్టీ. పొడుగు సరిచేసుకోవడానికి చిన్న ఇత్తడి కట్లు. చెప్పులు కుట్టే ఆయన దగ్గర తోలు చెవులు కోయించింది. భుజాల మీది నుంచి రెండుగా దిగి వీపు మధ్యలో ఒకటై, మళ్లీ రెండు చెవులుగా విడి వెనక గుండీలకి తగులుతుంది. బావని నిలబెట్టి తగిలించింది. ప్యాంటు గోడకి కొట్టిన క్యాలెండరులా తిన్నగా వేలాడింది. అక్క ముఖంలో గర్వం చూడాలి. బావ కుర్చీలో కూర్చుని, ట్యూబా ఒళ్లోకి లాక్కుని, గాలి పీల్చాడు. టప్‌మంది. వెనక గుండీ ఎగిరి మంచం కిందికి పోయింది.

అక్క నేల మీద చతికిలబడింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. నవ్వడం మొదలుపెట్టింది.

"ఇరవై ఆరేళ్లుగా ప్యాంట్లన్నీ మనుషుల్ని నిలబెట్టే కొలిచాను. కూర్చుని పనిచేసే మనిషిని కూర్చోబెట్టి కొలవాలని తట్టలేదు చూడు! ఏవండీ, లేవకండి. అలాగే గాలి పీల్చి బిగబట్టండి."

అప్పుడు చూడాలి మా ఇంటి భాగోతం. బావ ట్యూబాని హత్తుకుని, బుగ్గలు ఉబ్బించి, ఎర్రగా కందిపోయి కూర్చున్నాడు. అక్క ఆయన చుట్టూ మోకాళ్ల మీద తిరుగుతూ టేపు వేస్తోంది, సుద్దతో గుర్తులు పెడుతోంది. "వదలకండి, ఇంకొంచెం, వీపు కొలవాలి" అంటోంది. "అక్కా, బావ పోతాడే!" అన్నాను. "నువ్వు నోర్మూసుకో, లెక్క తప్పుతుంది" అంది. నడుం మూడు వేళ్లు వదులు చేసింది. వెనక గుండీలు కాస్త దగ్గరికి జరిపి, ఒక్కోదానికి లోపల చిన్న గుడ్డముక్క వేసి, మైనం పట్టించిన దారంతో కుట్టింది. ఆ మీదట బావ కూర్చున్నా, వంగినా, పొట్ట పూర్తిగా ఉబ్బినా, ఏదీ పట్టలేదు, ఏదీ జారలేదు. ప్యాంటు బరువంతా భుజాలు తీసుకున్నాయి. పొట్ట ఇన్ని నెలల తర్వాత మొదటిసారి తన ఇష్టం వచ్చినట్టు మెదిలింది.

అంతటితో ఆగితే మా అక్క ఎందుకవుతుంది? చిన్న కత్తెర తీసుకుని ప్యాంటుకి బెల్టు దూర్చే లూపులు ఏడూ టకటకా కత్తిరించేసింది.

"అది వర్క్‌షాపు ప్యాంటే!" అని బావ అదిరిపడి లేచాడు.

"తెలుసు. లూపులుంటే ఆయన బెల్టు పెట్టమంటాడు. మీరు 'అలాగే సార్' అంటారు. నాకు మీ సంగతి తెలీదా?"

పరీక్ష నాడు వర్క్‌షాపు హాల్లో బూడిదరంగు తెర కట్టారు. ఇటు వైపు బల్ల వెనక ముగ్గురు: మా మాస్టరు, ఒక బడిలో సంగీతం చెప్పే టీచరమ్మ, అగ్నిమాపక దళం బ్యాండుని నడిపి రిటైరైన ఓ పెద్దాయన. పక్కన డోలుతో నేను. ఇద్దరికీ దెబ్బలు నేనే వేయాలి, పదహారు కాగానే ఆపేయాలి. ఎవరు ఒకటో నంబరో, ఎవరు రెండో నంబరో చీటీ తీసి తేల్చారు, అది మాకెవరికీ చెప్పలేదు. అయినా తెర వెనక కుర్చీ కిర్రుమన్న తీరు బట్టే నాకు తెలిసిపోయింది. మొదట కూర్చున్నది గుమాస్తా.

కుర్రతనం, కసరత్తు చేసిన ఒళ్లు. పాటంతా శుభ్రంగా వాయించాడు. పొడుగు స్వరం దగ్గర పదహారు దెబ్బలూ లాగాడు. చివర్లో కాస్త సన్నబడింది గానీ తెగలేదు. మాస్టరు తల ఊపి ఏదో రాసుకున్నాడు. హాలు తలుపు దగ్గర మిగతా బ్యాండువాళ్లతో పాటు అక్క నిలబడి ఉంది. నేను ఆమె వైపు చూడలేకపోయాను.

రెండో నంబరు. కుర్చీ మెల్లగా కిర్రుమంది. కోటు గుండీలు విప్పిన చప్పుడు నాకు వినిపించింది, మిగతావాళ్లకి వినిపించి ఉండదు. పాట మొదలైంది. ఆ పొడుగు స్వరం వచ్చింది. నేను డోలు మీద మెత్తగా వేస్తున్నాను. తొమ్మిది, పది, పదకొండు. పన్నెండో దెబ్బ పడింది. స్వరం వణకలేదు. పదమూడు. పద్నాలుగు. పోను పోను లావవుతోంది. పదిహేను. పదహారు. నేను కర్ర ఎత్తి పక్కన పెట్టేశాను.

స్వరం ఆగలేదు.

మాస్టరు ఆపమని చెయ్యి ఎత్తాడు. తెర వెనక ఉన్నవాడికి ఆ చెయ్యి ఎలా కనిపిస్తుంది? టీచరమ్మ పెదవుల మీద వేలు పెట్టుకుని ఆయన్ని ఊరుకోమంది. బల్ల మీద గాజు గ్లాసులో నీళ్లు సన్నగా వణుకుతున్నాయి. పదిహేడు, పద్దెనిమిది, నేను లోపల్లోపల లెక్కపెడుతున్నాను. ఇరవై దగ్గర ఆ స్వరం నిండుగా హాలంతా పరుచుకుంది. అక్కణ్ణించి బావ దాన్ని కొద్దికొద్దిగా తగ్గిస్తూ, తొందర లేకుండా, ఇరవై మూడు దగ్గర తనంతట తాను దించాడు. మిగతా పాట వాయించలేదు. ఎవరూ వాయించమనలేదు కూడా.

ముగ్గురూ చీటీలు రాశారు. పెద్దాయన విప్పి చదివాడు: "రెండు. రెండు. రెండు." మూడోది మా మాస్టరు చేతిరాత. ఆయన మీద నాకున్న కోపం సగం అప్పుడే పోయింది, ఎందుకంటే ఆయన చెవి అబద్ధం ఆడలేదు. తెర లాగారు. కోటు విప్పుకుని, తెల్ల చొక్కా మీద బూడిదరంగు పట్టీలతో, ట్యూబాని పొట్టకి ఆనించుకుని మా బావ కూర్చుని ఉన్నాడు.

మాస్టరు దగ్గరికి నడిచాడు.

"బెల్టేది?"

"లేదు సార్."

"లూపులేవి?"

"కత్తిరించేశాం సార్."

"యూనిఫాంకి కత్తెర పెట్టింది ఎవరు?"

తలుపు దగ్గర అక్క ఒక అడుగు ముందుకు వేసింది. బావ అది చూశాడు. ట్యూబాతో సహా లేచి నిలబడ్డాడు. ప్యాంటు అంగుళం కూడా కదల్లేదు.

"నేనే సార్." గొంతు గట్టిగా ఉంది. "మీరు ఏ పాట వాయించమంటే అది వాయిస్తాను. ఏ కోటు వెయ్యమంటే అది వేస్తాను. ఊపిరికి మాత్రం బెల్టు పెట్టను."

ముప్పై ఒక్క ఏళ్లుగా ఆయన వెనక నిలబడ్డవాణ్ణి నేను. ఆ మాట విని నా కళ్లు నిండిపోయాయి. సిగ్గేం లేదు, రాస్తున్నాను. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది స్టోర్సు గుమాస్తా. ఓడినవాడు కొట్టాడు కదా అని మిగతావాళ్లకి ధైర్యం వచ్చింది.

మాస్టరు తన చేతిరాత చీటీ ఒకసారి చూసుకున్నాడు. ఆ తర్వాత బావ వైపు చూసి, "కోటు గుండీలు పెట్టుకుంటే ఆ పట్టీలు కనిపించవు కదా?" అన్నాడు.

"కనిపించవు సార్."

"పెట్టుకో మరి. మంగళవారం ప్రాక్టీసు. ఆలస్యం చెయ్యకు."

నూరేళ్ల పండగ పెద్ద షెడ్డులోనే జరిగింది. వ్యాగన్లు బయటికి తోసేసి కుర్చీలు వేశారు. వెల్డింగువాళ్లు, పెయింటువాళ్లు, గుమాస్తాలు, వాళ్ల ఇళ్లవాళ్లు, వెయ్యి మంది దాకా కూర్చున్నారు. అక్క మూడో వరసలో ఉంది. మా పాట సగానికి వచ్చింది. బాకాలు ఆగాయి, పిల్లంగోవులు ఆగాయి. బావ ఒక్కడే మొదలుపెట్టాడు. నేను దెబ్బలు వేస్తున్నాను. మాస్టరు చెయ్యి పైకెత్తి ఉంచాడు. పదహారో దెబ్బకి ఆ చెయ్యి దిగాలి, బ్యాండంతా మళ్లీ అందుకోవాలి. కాగితం మీద అలాగే ఉంది, ఇరవై సార్లు అలాగే సాధన చేశాం.

పదహారో దెబ్బ పడింది. చెయ్యి దిగలేదు. మాస్టరు కాగితం వైపు చూడలేదు, మా వైపు చూడలేదు. బావ ముఖం వైపే చూస్తూ చెయ్యి అలాగే పట్టుకుని నిలబడ్డాడు. ఎక్కడ దించాలో నువ్వే చెప్పు అన్నట్టు. బ్యాండులో ఇరవై ఒక్క మందిమి నోటి దగ్గర వాద్యాలు, చేతుల్లో కర్రలు పట్టుకుని ఆగిపోయాం. ముందు వరసలో వ్యాగన్లవాడొకడు టోపీ తీసి లేచి నిలబడ్డాడు, వాడి వెనక ఇంకొకడు, ఆ తర్వాత వరసలకి వరసలు. బావ కళ్లు మూసుకుని ఉన్నాడు, ఇవేవీ చూడలేదు. ఊదుతూనే ఉన్నాడు.